మూత అంచు మీద మూడు బొట్లు

మార్చి 7, గురువారం

కొత్త మూత వచ్చింది. పాతదానికి పగులు కనిపించిన రోజు నుంచి మా ప్లాస్మా మిషన్ మూలన దుప్పటి కప్పుకుని కూర్చుంది, దాన్ని చూసి పళ్ళు నూరుతూ నేను కూర్చున్నాను. బ్యాంకాక్ నుంచి లారీలో వచ్చిన పెట్టెని కత్తెర కోసం కూడా ఆగకుండా చించేశాను. బుద్ధిలేనిదాన్ని. ఒక స్టీలు మూతకి ఇంత సంబరమా?

సంబరమే. దాచుకోవడం ఎందుకు, ఇక్కడ చదివేవాళ్ళెవరు?

థాయ్‌లాండ్ దక్షిణాన మా త్రాంగ్ ఊరి చుట్టూ ఎటు చూసినా రబ్బరు తోటలే. గింజలు రాలి, పెంకులు కాళ్ళ కింద పటపటమంటాయి. మేం ఆ పెంకుల్ని కాల్చి బొగ్గు చేస్తాం. నూరి పల్చటి రేకుల మీద పూస్తాం. రేకుల్ని ఛాంబర్‌లో పెట్టి, గాలంతా లాగేసి, కాస్త నైట్రోజన్ వదిలి కరెంటిస్తే లోపల గ్యాస్ వెలుగుతుంది. అదే ప్లాస్మా. కాసేపట్లోనే ఆ వెలుగు బొగ్గుని సన్నగా గిల్లి, దానికి నైట్రోజన్ అంటించి వదుల్తుంది. యాసిడ్లు అక్కర్లేదు, రోజంతా కొలిమి అక్కర్లేదు.

అలా తయారైన రేకులు కరెంటుని గబుక్కున దాచుకుంటాయి, అడగ్గానే గబుక్కున ఇచ్చేస్తాయి. బ్యాటరీ నిదానంగా భోంచేసే మనిషి. ఇది ఒక్క గుక్కలో గ్లాసు ఖాళీ చేసే మనిషి. మామయ్య పడవకి ఈ రెండో మనిషి కావాలి.

మార్చి 9, శనివారం

దీవికి వెళ్ళొచ్చాను. ఒళ్ళంతా ఉప్పు.

సంఫావ్ మామయ్య అమ్మకి తమ్ముడు. పంతొమ్మిదేళ్ళుగా దీవిలో పిల్లల్ని పడవలో ఎక్కించుకుని ఇవతలి ఒడ్డున బడికి దింపుతున్నాడు, సాయంత్రం తీసుకుపోతున్నాడు. సొంత పిల్లల్లేరు. ఎవరైనా ఆ మాటెత్తితే, ఉన్నారుగా పడవ నిండా, అంటాడు.

కిందటేడు డీజిల్ ఇంజన్ పని అయిపోవచ్చింది. చెవులు పగిలే మోత, నల్లటి పొగ. వెనక కూర్చున్న చిన్నవాళ్ళు రోజూ వాంతులు. కరెంటు మోటారు పెట్టుకో మామయ్యా, నేను చూసుకుంటా అన్నది నేను. కాఫీ కొట్లో కూర్చుని పెద్ద మనిషిలా అన్నాను. ఆయన మారు మాట్లాడకుండా ఇంజన్ పీకించేశాడు. ఇప్పుడది ఇంటి కింద పడుంది. అత్తయ్య దాని మీద చేపలు ఎండబెడుతోంది.

మామూలు నీళ్ళలో మోటారు బంగారం. కానీ పోటు ఎదురొచ్చినప్పుడు, అల ఎక్కాల్సినప్పుడు ఒక్కసారిగా బోలెడు కరెంటు లాగుతుంది. బ్యాటరీకి ఊపిరాడదు, మోటారు మూలిగి ఆగిపోతుంది. పడవ నిండా పిల్లలుండగా జలసంధి మధ్యలో అలా ఆగితే ఏమవుతుందో నేను రాయను.

మే 16న బడి తెరుస్తారు. ఆ లోపు పోటుకి ఎదురెళ్ళి చూపించాలని ఊరిపెద్ద చెప్పేశాడు. లేకపోతే పిల్లలు ఆ ఊళ్ళోనే జమ్రాత్ అనే అతను నడిపే స్పీడ్‌బోట్‌లో వెళ్తారు. ఒకసారి అటు వెళ్తే మళ్ళీ ఇటు రారని మామయ్యకి తెలుసు. ఆ సంగతి నాతో అనలేదు. భోంచేస్తున్నంతసేపూ నీ మిషన్ ఎలా ఉంది అనే అడిగాడు, ఇంట్లో మనిషికి ఒంట్లో బాలేదన్నట్టు.

మార్చి 14, గురువారం

మిషన్‌కి పూజ. నాకు ఇలాంటివంటే చిరాకు. మా గురువు ఆచాన్ థవీకి ఇవి లేకుండా కుదరదు. ప్రొఫెసరుగారు వాక్యూమ్‌లో దేశంలోనే పెద్ద చెయ్యి, కానీ కొత్త కారుకైనా, కొత్త పంపుకైనా భిక్షువు వచ్చి తెల్లబొట్లు పెట్టందే స్విచ్ వెయ్యనివ్వరు. ముహూర్తం తొమ్మిది గంటల తొమ్మిది నిమిషాలు. మా భాషలో తొమ్మిదంటే ముందుకు సాగడం అన్నట్టే వినిపిస్తుంది, అందుకట.

లాదా పొద్దున్నే బంతిపూల దండలతో దిగింది. లాదా మా ఎమ్మెస్సీ పిల్ల, భక్తి ఎక్కువ, ఫోన్‌లో ఫొటోలు ఇంకా ఎక్కువ. పెద్ద భిక్షువు నెమ్మదిగా వచ్చారు. బియ్యపు పిండంత మెత్తటి సుద్ద, నీళ్ళలో కలిపి ఆచాన్ గిన్నె పట్టుకున్నారు. ఎక్కడ పెట్టమంటారు అని భిక్షువు అడిగితే, ఆడవాళ్ళు భిక్షువుకి తగలకూడదు కనక నేను దూరం నుంచి మూత వైపు వేలు చూపించాను. పైన పెడతారనుకున్నా. మూత తెరిచి ఉంది. ఆయన వంగి సరిగ్గా అంచు మీద పెట్టారు, రబ్బరు రింగు వచ్చి కూర్చునే చోట. మూడు బొట్లు, ముచ్చటగా.

నేను ఆచాన్ వైపు చూశాను. ఆయనా చూశారు. లాదా చూసింది. అక్కడ వెంట్రుక పడినా వాక్యూమ్ నిలవదని మా ముగ్గురికీ తెలుసు. తుడవడానికి ఎవరి చెయ్యీ లేవలేదు. భిక్షువు పెట్టిన బొట్టు తుడుస్తారా ఎవరైనా? చేతులు జోడించి, జాగ్రత్తగా మూత దించాం.

మూత మార్చాక లీక్ చెక్ చెయ్యాలి. అది ఆచాన్ పెట్టిన రూలే, అరగంట పని. గడియారం తొమ్మిది దాటింది. తర్వాత చూద్దాంలే, ముందు వెలిగించు అన్నారు. వెలిగించాను. తర్వాత ఎవరూ చూడలేదు.

మార్చి 15, శుక్రవారం

నమ్మలేదు. మళ్ళీ కొలిచాను. అదే. పాత రేకులు దాచుకునేదానికి దాదాపు రెట్టింపు.

మార్చి 20, బుధవారం

ఈ వారం తీసిన ప్రతి రేకూ అలాగే ఉంది. మా పరిశోధనకి డబ్బిచ్చే కౌన్సిల్ వాళ్ళకి ఆచాన్ ఫోన్ చేసి, స్వచ్ఛమైన నైట్రోజన్, ఒక్క మలినం లేదు అని గట్టిగా చెప్పారు. ఆయన అంత గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

లాదా కిటికీ అద్దంలోంచి వెలుగు కనబడేలా మిషన్ పక్కన నిలబడి పాతిక ఫొటోలు తీసుకుంది. ఇదంతా పెద్ద భిక్షువు చలవ అంటుంది. ఇన్నేళ్ళ నా చదువు చలవ కాదా అన్నాను. నవ్వింది. ఇప్పుడు నమ్ముతావా అక్కా అంటుంది.

మామయ్యకి ఫోన్ చేసి, పడవలో బ్యాటరీ పక్కన పెట్టే రేకుల పెట్టె ఏప్రిల్ చివరికల్లా ఇస్తానని చెప్పాను. ఆయన, అన్నం తిన్నావా అని అడిగాడు.

ఇవాళ నాకు చాలా సంతోషంగా ఉంది. రాసి పెట్టుకుంటున్నాను, అవసరం పడొచ్చు.

మార్చి 29, శుక్రవారం

ఇవాళ్టి రేకులు కాస్త తగ్గాయి. బొగ్గు నూరడంలో తేడా అయ్యుంటుంది.

ఏప్రిల్ 3, బుధవారం

బొగ్గు కాదు. కొత్త బొగ్గు, పాత బొగ్గు, రెండూ దిగిపోతున్నాయి. గ్యాస్ సిలిండర్ మార్చాను. కరెంటు సరిచూశాను. ఛాంబర్ లోపల అద్దంలా తుడిచాను. తుడిచాక ఇంకా దిగింది. ఇప్పుడు మామూలు రేకులకన్నా పిసరు ఎక్కువ, అంతే.

పెట్టెకి కావాల్సిన రేకుల్లో పావు వంతు కూడా లేవు.

లాదా రెండు రోజులుగా ఏదో మాట మింగుతోంది. ఇవాళ కక్కేసింది. నువ్వు పూజ రోజున మొహం ముడుచుకున్నావక్కా, అందుకే అయ్యుంటుంది, క్షమించమని ఓ దండ వెయ్యి, పోయేదేముంది అంది. నేను నోరు జారాను. దండతో రేకులు తయారయ్యేట్టయితే నువ్వు యూనివర్సిటీకి ఎందుకొచ్చావు, బజార్లో పూలమ్ముకోపోయావా అన్నాను. మొహం మాడ్చుకుని వెళ్ళిపోయింది. సాయంత్రం చూస్తే మిషన్ మీద దండ ఉంది. నా పేరు మీద వేసిందట.

ఏప్రిల్ 9, మంగళవారం

పొద్దున అత్తయ్య ఫోన్. మామయ్య నాకు చెప్పకుండా ప్రయత్నించాడట. ఒక్క బ్యాటరీతోనే, ఎదురు పోటులో, ఆరుగురు మగవాళ్ళని ఎక్కించుకుని. నడి నీళ్ళలో మోటారు ఆగిపోయింది. జమ్రాత్ వచ్చి తాడు వేసి లాక్కొచ్చాడు. రేవులో జనమంతా చూస్తున్నారు. ఎవడో, మావా తాడు బాగా సరిపోయింది, బడి తెరిచాక కూడా ఇదే కట్టుకో అన్నాడట. ఇంకెవడో చప్పట్లు కొట్టాడట.

మామయ్య ఇంటికొచ్చి, ఎండు చేపలు పక్కకి జరిపి ఆ పాడైన ఇంజన్ మీదే కూర్చున్నాడట. ఇందాకటి నుంచీ అక్కడే ఉన్నాడు, నువ్వేమన్నా మాట్లాడతావా అంది అత్తయ్య. ఫోన్ ఇవ్వమన్నాను. ఆయన తీసుకోలేదు.

కాఫీ కొట్లో నేను మాట్లాడిన ఆ రెండు ముక్కలు నోట్లోకి వెనక్కి లాక్కోవాలనిపించింది.

ఏప్రిల్ 13, సోంగ్‌క్రాన్

కొత్త సంవత్సరం. ఆచాన్ చేతుల మీద అత్తరు నీళ్ళు పోసి దీవెన తీసుకున్నాను. రేకుల సంగతి ఆయన అడగలేదు. అడిగి ఉంటే ఏడ్చేదాన్ని.

ఏప్రిల్ 17, బుధవారం

ఇది వరసగా రాయాలి, లేకపోతే రేపు నేనే నమ్మను.

సెలవులయ్యాక మొదటి రోజు. లాదా ఇంకా నాతో పొడిపొడిగానే మాట్లాడుతోంది. బజారు నుంచి ఆమెకిష్టమైన వేపుడు అరటికాయ తెచ్చి బల్ల మీద పెట్టాను, క్షమించు అనడం నాకు రాదు కనక. తింటూ తింటూ కరిగింది. ఫోన్‌లో సోంగ్‌క్రాన్ ఫొటోలు చూపించింది. నీళ్ళు, పొడి, తడిసిన చుట్టాలు. చూపిస్తూ వేలు ఎక్కువ జరిపేసింది. మార్చి ఫొటోలు వచ్చాయి. మిషన్ పక్కన నవ్వుతున్న లాదా, వెనక అద్దంలో వెలుగు.

ఆ వెలుగు గులాబీ రంగు.

నేను తల తిప్పి మిషన్ వైపు చూశాను. అప్పుడే ఒక రన్ నడుస్తోంది. అద్దంలో వెలుగు చిక్కటి ఊదా.

ఫోన్ లాక్కున్నాను. మార్చి 14, గులాబీ. 20, గులాబీయే, కాస్త తక్కువ. 28, ఊదాలో ఎక్కడో ఒక గులాబీ చాయ. తర్వాత అసలు లేదు. నైట్రోజన్ ఒక్కటే అయితే ఊదాగా వెలగాలి. గులాబీ తిరిగిందంటే లోపల ఇంకేదో ఉంది. నీటి తేమ. గాలి. అంటే మా మంచి రోజులన్నిట్లో ఛాంబర్‌లోకి బయటి గాలి పోతూనే ఉంది.

లాదా అరటికాయ పట్టుకుని నన్నే చూస్తోంది. ఏమైందక్కా అని రెండుసార్లు అడిగిందట, నాకు వినపడలేదు.

ఏప్రిల్ 18, గురువారం

లీక్ చెక్ చేశాం. పంప్ ఆపేసి, గేజ్ మీద అంకెని చూస్తూ కూర్చున్నాం. అంకె కదల్లేదు. ఇంత బిగుతైన ఛాంబర్‌ని చూస్తే ఏ వాక్యూమ్ మనిషైనా ముద్దు పెట్టుకుంటాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

మూత ఎత్తి, రబ్బరు రింగు తీసి చూశాను. దాని కింది గాడిలో సన్నటి తెల్లటి పొడి, మూడు చోట్ల. బొట్లు అక్కడే ఉన్నాయి, ఆనవాలుగా. ఆ సుద్ద పలుకుల మీద రింగు పూర్తిగా కూర్చోక, సందుల్లోంచి మా తేమ గాలి చుక్క చుక్కగా లోపలికి దిగింది. మూత వేసి తీసిన ప్రతిసారీ కాస్త రాలింది. మిగిలింది నేనే తుడిచేశాను, అద్దంలా.

లాదాకి చెప్తే కళ్ళు పెద్దవి చేసింది. అయితే భిక్షువు చలవే కదా అంది.

ఏప్రిల్ 19, శుక్రవారం

ఆచాన్‌కి చెప్పాలి. రాత్రంతా వాక్యాలు కూర్చుకున్నాను, ఒక్కటీ నిలవలేదు. ఆయన జీవితమంతా లీకులతో యుద్ధమే. లీకులు పట్టడానికి చిలకరించే ఆల్కహాల్ సీసా చేతిలో పట్టుకుని మిషన్ల చుట్టూ తిరుగుతారు, ఆయన దగ్గర చదివినవాళ్ళు ఎక్కడున్నా ఆయన శిష్యులని వాళ్ళ ఛాంబర్ చూస్తే తెలుస్తుందంటారు. వచ్చే ఏడు రిటైర్మెంట్. కౌన్సిల్‌కి ఒక్క మలినం లేదని చెప్పిన మనిషి.

గదిలోకి వెళ్ళి నిలబడ్డాను. కూర్చోమన్నారు. కూర్చోలేదు.

"ఆచాన్, మన మంచి రేకులన్నీ లీకు వల్ల వచ్చినవండి."

ఆయన కళ్ళజోడు తీశారు. "ఎక్కడ?"

"బొట్లు పెట్టిన చోట."

చొక్కా అంచుతో కళ్ళజోడు తుడిచారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. "చెక్ చెయ్యకుండా వెలిగించమన్నది నేనే కదూ" అన్నారు. అవునని నేనెలా అంటాను. ఫొటోలు చూపించమన్నారు, చూపించాను. ఒక్కోటీ పెద్దది చేసుకుని చాలాసేపు చూశారు. తర్వాత భోజనానికి వెళ్ళొస్తానని లేచారు. ఇంక రాలేదు. ఆయన గొడుగు ఇక్కడే ఉండిపోయింది, వాన పడుతోంది.

ఏప్రిల్ 22, సోమవారం

ఆచాన్ నాకన్నా ముందు వచ్చి ఉన్నారు. మిషన్ పక్కన స్టూలు వేసుకుని, స్పానర్‌తో ఏదో బిగిస్తున్నారు. సూది వాల్వ్. గాలిని వెంట్రుకంత సందులోంచి వదిలేది. ఇంట్లో పాత పెట్టెలో దొరికిందట, టవల్లో చుట్టి తెచ్చారు.

"నలభై ఏళ్ళు గాలిని బయట ఉంచడమే నేర్పాను. లోపలికి రానివ్వడం నాకు చేతకాదు. నువ్వు తిప్పు, కుంగ్" అన్నారు.

ఆయన నన్ను ఇంట్లో పిలిచే ముద్దుపేరుతో పిలవడం ఇదే మొదటిసారి. అందరి ముందు ఎప్పుడూ డాక్టర్ అనే అంటారు. వెనక్కి తిరిగి ముక్కు చీదుకున్నాను.

తిప్పాను. ఎక్కువైతే బొగ్గు కాలి బూడిదైంది. తక్కువైతే మామూలే. సాయంత్రానికి చెత్తబుట్ట నిండింది. ఎంత గాలో తెలియదు. మార్చిలో ఎవరూ కొలవలేదు. ఇలా వెతుక్కుంటూ పోతే జూన్ వస్తుంది.

ఏప్రిల్ 23, మంగళవారం

అంచు మీద సుద్ద నేనే పెట్టాను. లాదా రెండు చేతులతో నోరు మూసుకుంది, పాపం మొత్తం నా నెత్తికే చుట్టుకుంటుందని. ఫొటో చూసి అదే చోట పెట్టాను. గేజ్ మీద అంకె పరుగెత్తింది. మళ్ళీ పల్చగా పెట్టాను, అసలు కదల్లేదు. ఎన్నిసార్లు పెడితే అన్ని రకాలు. నా బొట్లు మంగలి షాపు ముందు పిల్లలు గీసిన సున్నాల్లా ఉన్నాయి.

ఎన్ని వేల కార్లకి, ఎన్ని కొట్లకి పెట్టి ఉంటారో ఆ పెద్దాయన. ఫొటోలో ఆయన మూడు బొట్లూ ఒక్క అచ్చులోంచి తీసినట్టున్నాయి.

ఆచాన్, భిక్షువుని నేనే వెళ్ళి పిలుస్తానన్నారు. వద్దు ఆచాన్, నేను వెళ్తాను అన్నాను. ఇన్నాళ్ళూ మొహం ముడుచుకున్నదాన్ని నేనే కదా.

ఏప్రిల్ 25, గురువారం

గుడిలో నిన్న పెద్ద భిక్షువు ముందు కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. స్వామీ, మీరు పెట్టిన బొట్ల వల్ల మా మిషన్ కారింది, కారడం వల్ల మేలు జరిగింది, ఎంత కారిందో మాకు తెలియడం లేదు. కోపం వస్తుందనుకున్నాను. ఆయన భుజాలు కదిలేలా నవ్వారు.

"మళ్ళీ కారేట్టు పెట్టాలన్నమాట."

"అవును స్వామీ. అచ్చం అప్పటిలాగే."

"అప్పుడెలా పెట్టానో నాకేం గుర్తమ్మా. ఎప్పుడూ పెట్టేలాగే పెడతాను."

అదే కావాలి మాకు.

ఇవాళ వచ్చారు. ముహూర్తం ఎవరూ అడగలేదు. ఆచాన్ గిన్నె పట్టుకున్నారు, నేను పొడుగాటి స్కేలుతో దూరం నుంచి చోటు చూపించాను. మూడు బొట్లు. మూత దించాం. పంప్, తర్వాత పంప్ ఆపి గేజ్. అంకె నెమ్మదిగా, ఒకే తీరుగా పైకి పాకింది. లాదా ఫోన్‌లో టైము చదువుతోంది, నేను రాసుకుంటున్నాను, ఆచాన్ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. ఒక లీకుని చూసి ఆ మొహంలో అంత ప్రశాంతత చూస్తానని ఎప్పుడూ అనుకోలేదు.

వెలిగించాం. గులాబీ.

కొలత దొరికింది. ఇంక ఆ బొట్లు తీసేసి, వాల్వ్‌ని సరిగ్గా అంతే కారేలా పెట్టాలి. మూత ఎత్తాం. మళ్ళీ ముగ్గురం ఒకర్నొకరు చూసుకున్నాం. ఈసారి కూడా ఎవరి చెయ్యీ లేవలేదు. పెద్ద భిక్షువు మమ్మల్ని చూశారు, అంచుని చూశారు. బల్ల మీద టిష్యూ తీసుకుని ఆయనే శుభ్రంగా తుడిచేశారు. పదకొండు దాటుతోంది, భోజనం సంగతి ఏంచేశారు అని అడిగారు. మధ్యాహ్నం దాటితే భిక్షువులు ముద్ద ముట్టరు, లాదా పరుగెత్తింది.

ఏప్రిల్ 26, శుక్రవారం

వాల్వ్‌తో. బొట్లు లేకుండా. మార్చి 15 నాటి రేకుకన్నా ఒక పిసరు మెరుగు.

మే 2, గురువారం

రోజుకి రెండు పూటలా రన్లు. ఆచాన్ కూడా కూర్చుని రేకులు కత్తిరిస్తున్నారు. ఆయన చేతికి వంకర రాదు, మా వాటికన్నీ వంకరే. లాదా గులాబీ వెలుగు పక్కన ఫొటోలు తీసుకుంటుంటే ఇప్పుడు నేనే, ఇంకోటి తీసుకో, తేదీ కనపడేలా అంటున్నాను.

కౌన్సిల్‌కి ఆచాన్ మళ్ళీ ఫోన్ చేశారు. నేను గదిలోనే ఉన్నాను. నేను చెప్పింది తప్పు, అందులో గాలి ఉంది, నీళ్ళున్నాయి, ఇప్పుడు ఎంతున్నాయో కూడా చెప్పగలం అన్నారు. అవతల ఏమన్నారో వినపడలేదు. ఫోన్ పెట్టేసి, నా వయసులో సిగ్గు తొందరగా ఆరిపోతుందని నవ్వారు. వచ్చే నెల వచ్చి చూస్తారట.

మామయ్య ఫోన్ ఎత్తడం మొదలుపెట్టాడు. పెట్టె ఎంత బరువు అని అడిగాడు. ఐస్ పెట్టెంత అన్నాను. ముందు పెట్టాలా వెనకా అన్నాడు. ఇలాంటి ప్రశ్నలు అడుగుతున్నాడంటే ఆ ఇంజన్ మీంచి లేచాడని అర్థం.

మే 11, శనివారం

పొద్దున రేవులో మీటరు పట్టుకుని పడవ ఎక్కాను.

పెట్టె బ్యాటరీ పక్కన బిగించాం. ఊరిపెద్ద ఎక్కాడు. మామయ్య బియ్యం బస్తాలు ఎక్కించాడు, పిల్లల బరువుకి సమానంగా. అవి చాలవని అత్తయ్య, తన ఇద్దరు వదినల్ని వెంటేసుకుని ఎక్కేసింది. మునిగితే అందరం కలిసే మునుగుదాం, రేపట్నుంచి ఈయన మూలుగు వినే ఓపిక నాకు లేదు అంది. జమ్రాత్ తన బోటులో తాడు చుట్ట పైకి కనపడేలా పెట్టుకుని వెనకాలే వచ్చాడు. ఎంత కోపమొచ్చిందో. తర్వాత ఆలోచిస్తే, ఏమన్నా అయితే లాగడానికే వచ్చాడేమో. తెలియదు.

పోటు ఎదురుగా దూసుకొస్తోంది. మధ్యకి వచ్చేసరికి పెద్ద అల. ఇక్కడే కిందటిసారి ఆగింది. మామయ్య చెయ్యి తిప్పాడు. మోటారు ఒక్క క్షణం బరువెక్కింది. నా కళ్ళు మీటరు మీదే ఉన్నాయి. బ్యాటరీ ముల్లు కదల్లేదు. పెట్టె ముల్లు గభాల్న పడింది. పడవ ముక్కు పైకి లేచి, అల ఎక్కి, అవతలికి దిగింది. దిగుతుండగానే పెట్టె మళ్ళీ నిండింది. ఇంకో అల. మళ్ళీ ఇచ్చింది. మళ్ళీ నిండింది.

నేను ఏడుస్తున్నానని అత్తయ్య అందరికీ చెప్పింది. ఉప్పు నీళ్ళు అన్నాను. నిజం చెప్పాలంటే వెక్కి వెక్కి ఏడ్చాను. ఎప్పుడో రబ్బరు చెట్ల కింద రాలిపడిన పెంకులు ఇవి. ఇవి మా మామయ్యని అల ఎక్కించాయి.

ఒడ్డుకి చేరాక ఊరిపెద్ద తడిసిన చొక్కా పిండుకుంటూ, పదహారున ఏడింటికి అన్నాడు. మామయ్య తలూపాడు. జమ్రాత్ తాడు కిందకి తోసి, బస్తాలు దింపడానికి వచ్చాడు.

మే 16, గురువారం, మధ్యాహ్నం

బడి తెరిచారు. దీవి వైపు పొద్దుట్నుంచీ గాలివాన. ఏడు దాటింది, తొమ్మిది దాటింది, ఫోన్ రాలేదు. నేను చేస్తే కలవడం లేదు. ఆచాన్ రెండుసార్లు వచ్చి గుమ్మంలో నిలబడి వెళ్ళారు. లాదా దండ తెచ్చింది. ఈసారి నేనే వేశాను.

మే 17, శుక్రవారం

మామయ్య ఇప్పుడే చేశాడు. నిన్న గాలివానకి ఫోన్ టవర్ పడిపోయిందట. పిల్లలందరూ రెండు పూటలా క్షేమం. అదంతా ఒక్క ముక్కలో చెప్పేసి, అసలు సంగతికి వచ్చాడు. మోత లేదు కదా, వెనక కూర్చుని పిల్లలు మాట్లాడుకునేది మొత్తం వినపడిందట. పంతొమ్మిదేళ్ళుగా వాళ్ళు ఆయన్ని చెవిటి తాబేలు అంటున్నారట. ఎంత అరిచి పిలిచినా పలకడని. నిన్న నడి నీళ్ళలో ఓ చిన్నది అలవాటు కొద్దీ, ఒరేయ్ చెవిటి తాబేలూ ఇంకా తొందరగా పోనీ అందట.

ఆఁ, పోనిస్తున్నా తల్లీ, అన్నాడట మామయ్య. ఒడ్డు వచ్చేదాకా పడవలో ఎవరూ కిక్కురుమనలేదట.